మోడం పైన, మోడం కింద

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు పగటి విమానం దొరికితే నేను కుడివైపు కిటికీ సీటు అడుగుతాను. శంషాబాద్‌లో లేచిన విమానం దాదాపు సూటిగా దక్షిణానికి సాగుతుంది. కర్నూలు పక్కన తుంగభద్ర కనిపిస్తుంది. ఇంకొంచెం పోతే నల్లరేగళ్లు, నాపరాళ్ల గనుల తెల్లటి మచ్చలు. తాడిపత్రి దగ్గర పెన్నా నది, ఎండాకాలమైతే వట్టి ఇసుక దారి. అక్కడ పడమటికి చూపు సారిస్తే పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, కొండల కాళ్ల దగ్గర, మట్టిరంగు అద్దం ముక్క ఒకటి మెరుస్తుంది. అది శింగనమల చెరువు. దాని ఆయకట్టుకు ఎగువన, నీళ్లెక్కని మెట్టలో మా చిన్నాయన ఐదెకరాల చేను ఉంది. పైనుంచి చేను కనపడదు. చెరువు కనపడితే చాలు, చేను కూడా చూసినట్టే నాకు.

ఈసారి ప్రయాణం రోహిణీ కార్తెలో, సాయంత్రం పూట. బెంగళూరులో ఒక పని చూసుకొని మర్నాడు బస్సులో శింగనమల పోవాలని నా ఆలోచన. పక్క సీట్లో అరవై దాటిన ఒకామె కూర్చుంది. తాడిపత్రి దగ్గర పల్లె. కూతురి ఇంటి నుంచి కొడుకు ఇంటికి పోతోంది. విమానం ఎక్కడం అదే మొదటిసారి.

"మా ఊరు కనపడతాదా నాయనా?" అని అడిగింది.

"పెన్నేరు వస్తే చెబుతానమ్మా. అక్కడి నుంచి మీరే గుర్తుపట్టాలి" అన్నాను.

కర్నూలు దాటాక పడమటి ఆకాశంలో మేఘాలు మొదలయ్యాయి. ముందు చిన్నచిన్నవి, ఏకిన పత్తి ఆరబోసినట్టు. వాటి వెనక ఒకటి మాత్రం వేరుగా లేచి ఉంది. అడుగు నల్లగా, బల్లపరుపుగా ఉంది. పైన పొర మీద పొర విచ్చుకుంటూ గోబీ పువ్వులా ఉబ్బుతోంది. మేం 28 వేల అడుగుల ఎత్తులో ఉన్నామని పైలట్ అంతకుముందే చెప్పాడు. ఆ మేఘం తల చూడాలంటే కిటికీకి చెంప ఆనించి పైకి చూడాల్సి వచ్చింది.

బెల్టు గుర్తు వెలిగింది. విమానం ఎడమకు ఒరిగింది. ఆ మేఘానికి దూరంగా పోతున్నామని అర్థమైంది. టీ బండిని వెనక్కి తోసుకుపోయిన సిబ్బంది తామూ కూర్చొని బెల్టులు బిగించుకున్నారు. ఆ మాత్రం చాలు, ప్రయాణికుల్లో మాటలు ఆగిపోవడానికి. ముందు ఎడ్లబండి గులకరాళ్ల బాట ఎక్కినట్టు కుదుపు. తర్వాత ఒక్క దెబ్బకు కింద సీటు లేనట్టయింది. కడుపులోది గొంతుకు వచ్చింది. ఎదుటి వరుసలో నీళ్ల సీసా పైకి లేచి, ఒక క్షణం గాలిలో నిలిచి, దొర్లింది. పిల్లలు కేక పెట్టారు. మళ్లీ ఎవరో భుజాలు పట్టి సీటులోకి అదిమినట్టు బరువు. రెక్క కొస పైకీ కిందికీ ఊగడం నేను చూస్తూనే ఉన్నాను. పక్కామె నా మణికట్టు పట్టుకొని దేవుణ్ని తలచుకుంటోంది. అంతా కలిపి నిమిషానికి మించి ఉండదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

విమానం కుదుటపడ్డాక ఆమె నా చెయ్యి వదిలి, నా మీదుగా వంగి కిటికీలోంచి చూసింది. మమ్మల్ని ఊపిన ఆ మేఘం ఇంకా అక్కడే ఉంది, పొద్దు వెలుగులో బంగారు అంచుతో.

"ఆ మోడం యా ఊరి మీద ఉండాదంటావు?"

"శింగనమల, నార్పల దిక్కున ఉన్నట్టుందమ్మా."

ఆమె వేళ్లు ఇంకా వణుకుతున్నాయి. "కురిస్తే బాగుండు" అంది.

బెంగళూరులో దిగాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ప్రాణభయం తగ్గీ తగ్గకముందే, తనను భయపెట్టిన దాన్నే చూసి ఆమె వాన కోరుకుంది. ఆమెకు తెలిసిన ఆకాశం, నేను టికెట్ కొని ఎక్కిన ఆకాశం ఒకటి కావని ఆ రాత్రి అనిపించింది.

* * *

"ఎయిర్ పాకెట్‌లో పడ్డాం" అని వెనక సీట్లో ఎవరో అన్నారు. అందరం అనే మాటే. కానీ గాలిలో గుంతలు ఉండవు. ఎక్కడా ఖాళీ లేదు. ఉన్నదల్లా పైకి పోయే గాలి, కిందికి దిగే గాలి, ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే గాలి. పైకి లేచే ప్రవాహంలోంచి కిందికి దిగే ప్రవాహంలోకి విమానం ఒక్కసారిగా చేరితే, రెక్కల మీద భారం క్షణంలో మారిపోతుంది. మనకు అదే పడిపోవడంగా తెలుస్తుంది.

మేలో ఆ గాలిని లేపేది మా సీమ నేలే. చెట్టూ చేమా తక్కువైన ఎర్రనేల పొద్దున్నుంచీ కాగుతుంది. నేలనంటిన గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. పోయేకొద్దీ చల్లబడి అందులోని ఆవిరి నీటి తుంపరగా మారుతుంది. ఆవిరి నీరైనప్పుడు దానిలో దాగిన వేడి విడుదలవుతుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది. అంటే మేఘం తన పొయ్యిని తనే వెంటబెట్టుకొని ఎక్కుతుంది. బాగా ముదిరినదాంట్లో గాలి గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో నిలువునా లేస్తుంది. దాని తల 15 కిలోమీటర్ల ఎత్తు కూడా దాటగలదు. ప్రయాణికుల విమానాలు ఎక్కువగా తిరిగేది 9 నుంచి 12 కిలోమీటర్ల మధ్య. కనక దాని పైనుంచి పోవడం కుదరదు, పక్కకు తప్పుకోవాల్సిందే.

ఈ మేఘం పేరు తెలుగు ఇళ్లలోకి ఒక దుఃఖంతో వచ్చింది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయనతో పాటు మరో నలుగురు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. ఆ రెండు రోజులూ టీవీల ముందు కూర్చున్న పల్లెలన్నీ క్యుములోనింబస్ అనే మాట నేర్చుకున్నాయి. అంతకుముందు మా వాళ్లకు అది ఉరుముల మోడం, అంతే.

విమానం ముక్కులో రాడార్ ఉంటుంది. అది నీటి బొట్లను చూస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఎక్కడ వాన ఎంత దట్టంగా ఉందో పైలట్‌కు చూపిస్తుంది. తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు ఎడంగా పొమ్మని పైలట్లకు నేర్పుతారు. అయినా మేఘం చుట్టుపట్ల గాలి కలబడుతూనే ఉంటుంది. అది రాడార్ తెర మీద రంగుగా పడదు. మాకు జరిగింది అదే అయి ఉండాలి.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ పోతున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం 37 వేల అడుగుల ఎత్తున మయన్మార్ మీద ఇలాంటి గాలిలోనే చిక్కింది. కింద మేఘాలు పెరుగుతున్న చోటు అది. 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది. సింగపూర్ దర్యాప్తు సంస్థ విమానంలోని రికార్డర్లు విప్పి చూసి చెప్పిన లెక్క ఇది: సెకనులో సగానికి కొంచెం పైన, 0.6 సెకన్లలో, లోపలివాళ్ల బరువు తలకిందులైంది. బెల్టు లేనివాళ్లు కప్పుకు ఎగిరారు. నాలుగు సెకన్లలో మళ్లీ కిందికి పడ్డారు. ఈ 4.6 సెకన్లలో విమానం దిగింది 178 అడుగులే. ఆ 178 అడుగులకు ఎందరికో వెన్నెముకలు, తలలు దెబ్బతిన్నాయి. 73 ఏళ్ల ప్రయాణికుడు ఒకరు ప్రాణం విడిచారు. సరిగ్గా ఏడాదికి, 2025 మే 21న, ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోతున్న ఇండిగో విమానం వడగళ్ల మేఘంలో చిక్కింది. 220 మందికి పైగా ఉన్నారు. ముక్కు పగిలిన విమానాన్ని పైలట్లు క్షేమంగా దించారు.

ఇవి చెప్పి భయపెట్టాలని కాదు. రెక్క ఊగుతుంటే నాకు ధైర్యం ఇచ్చింది ఎప్పుడో చదివిన ఒక సంగతి. 1995లో బోయింగ్ 777 రెక్కను విరిగేదాకా వంచి చూశారు. సర్వీసులో ఎదురవగల గరిష్ఠ భారం అని లెక్కగట్టిన దానికి 154 శాతం దగ్గర గాని అది విరగలేదు. అప్పటికి కొస 24 అడుగులు పైకి వంగింది. రెక్క ఊగడానికే చేసింది. ఊగకపోతేనే ప్రమాదం. గాలి కుదుపులో దెబ్బతినేది ఎక్కువగా విమానం కాదు, లోపల బెల్టు పెట్టుకోని మనిషి.

ఇంకో రకం కుదుపు ఉంది, మేఘమే లేని నీలి ఆకాశంలో వచ్చేది. పైన ఎంతో వేగంగా ప్రవహించే గాలి అంచులో పొరలు ఒకదాని మీద ఒకటి జారి సుడులు తిరుగుతాయి. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2023లో ఒక లెక్క చెప్పారు. ఉత్తర అట్లాంటిక్ మీద తీవ్రమైన ఇలాంటి కుదుపు 1979 నుంచి 2020 నాటికి 55 శాతం పెరిగింది. భూమి వేడెక్కుతుంటే ఆ ఎత్తులో గాలి పొరల మధ్య వేగాల తేడా పెరుగుతోంది.

మన నెత్తి మీదా అలాంటి గాలి నది ఒకటుంది. దాన్ని లోకానికి చూపినవాడు తెలుగువాడు, పంచేటి కోటేశ్వరం. తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం మీద, 13 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమటికి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో గాలి పారుతుంటుందని ఆయన గుర్తించి, 1958లో టెల్లస్ అనే శాస్త్ర పత్రికలో వివరంగా రాశాడు. అదే కాలంలో నేల దగ్గర నైరుతి గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. శింగనమల చేలో నిలబడిన రైతు నెత్తిన, ఆ నాలుగు నెలలూ, ఒకటి వచ్చేది ఒకటి పోయేది అన్నట్టు రెండంతస్తుల గాలి.

కంటికి కనపడని ఆ గాలిని చూసే కన్ను కూడా సీమలోనే ఉంది. తిరుపతికి దగ్గర గాదంకిలో. కొన్నేళ్ల కిందట చూశాను. కొండల నడుమ 130 మీటర్ల చదరపు మైదానంలో వరసలుగా 1024 యాంటెనాలు, మొగం పైకెత్తి. తిరిగే గిన్నె లేదు, కదిలేదేమీ లేదు. 1990ల మొదటి నుంచి అవి ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపుతున్నాయి. మేఘం లేకపోయినా, గాలిలోని చిన్నచిన్న కలతల నుంచే వెనక్కి తిరిగొచ్చే సన్నటి సడిని పట్టుకొని, 20 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి ఎటు పోతోంది, ఎక్కడ కలబడుతోందో చెబుతాయి. శూన్యం అనుకున్న చోట ఇంత రాత ఉందా అని ఆ రోజు నేను చాలాసేపు మెడ ఎత్తి నిలబడ్డాను.

* * *

మర్నాడు పొద్దున బస్సు ఎక్కాను. బెంగళూరు వదిలే దారిలో జక్కూరు. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రంలో రొద్దం నరసింహ తన చివరి దశాబ్దాలు పనిచేశారు. విమానాల చుట్టూ గాలి నడకను జీవితమంతా చదివినవాడు. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌కు డైరెక్టర్‌గా ఉన్నారు. 1933లో పుట్టి 2020లో కన్నుమూశారు. ఆయన ఇంటిపేరు మోసుకొచ్చిన ఊరు రొద్దం మా పాత అనంతపురం జిల్లాలోనిదే, పెనుకొండకు పడమర.

నడివయసులో విమానం రెక్క మీది గాలిని చదివిన ఆయన పెద్దవయసులో మేఘాన్ని చదవడానికి పూనుకున్నారు. నీళ్ల తొట్టి అడుగు నుంచి ఒక వేడి ధారను పైకి వదిలారు. అది కొంత ఎత్తు ఎక్కాక విద్యుత్తుతో లోపలి నుంచే దానికి ఇంకా వేడి ఎక్కించారు, ఆకాశంలో ఆవిరి నీరై వేడి వదిలినట్టు. మామూలు ధార గరాటులా విచ్చుకుపోతుంది. ఈ ధార అలా కాక గోబీ పువ్వులా ఉబ్బింది. తొట్టిలో మేఘం పుట్టింది. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నిన్న కిటికీలోంచి నన్ను భయపెట్టిన ఆ ఆకారాన్ని, ఆ మనిషి ఒక గదిలో, అరచేతికి అందే ఎత్తులో కూర్చోబెట్టి చూశాడు. వానకు మొగం వాచిన సీమ ఊరి పేరు మోస్తూ మేఘం లోపలేముందో వెతకడం నాకు వట్టి శాస్త్రంలా అనిపించదు.

బాగేపల్లి దాటాక నేల రంగు మారింది. పెనుకొండ కొండ, దాని మీద విజయనగరం నాటి కోట గోడలు. ఇంకా పైకి పోతే, రామగిరి వైపు గుట్టల మీద గాలిమరలు. రోహిణిలో అవి బద్ధకంగా తిరుగుతాయి. ఆషాఢం వస్తే ఊపిరి తీసుకోవు. ఆ గాలి కథ కూడా మా కరువు కథే. అరేబియా సముద్రం మీద తడిసిన గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడు తన నీళ్లు అక్కడే దించేసుకుంటుంది. కనుమలు దిగి మా దగ్గరకు వచ్చేసరికి ఒట్టి చేతులు. నెత్తిన మోడాలు పరుగెత్తుతూనే ఉంటాయి, ఆగవు. గాలిమరలు కరెంటు ఇస్తాయి. కింద శనక్కాయ చేను ఆకు ముడుస్తుంది. మా జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా మొత్తంగా తక్కువ కావడం కన్నా, రావలసినప్పుడు రాకపోవడమే దెబ్బ కొడుతుంది.

* * *

అనంతపురంలో ఉగ్గాని బజ్జీ తిని తాడిపత్రి బస్సు ఎక్కాను. బుక్కరాయసముద్రం చెరువు కట్ట, రెడ్డిపల్లి, అక్కడక్కడా చీనీ తోటలు. మరువకొమ్మ క్రాస్‌లో దిగి ఆటోలో శింగనమల చేరాను.

ఊరికి ఈ పేరు ఋష్యశృంగుడి వల్ల వచ్చిందంటారు. ఆయన కాలు పెట్టిన చోటల్లా వాన పడుతుందని కదా పురాణం. అంగ దేశం కరువుతో ఎండిపోతే రాజు ఆయన్ను రప్పించుకున్నాడు. అలాంటి ఋషి పేరును ఏ కరువు కాలంలో ఏ పెద్దలు ఈ ఊరికి పెట్టుకున్నారో. పేరు పెట్టుకొని ఊరుకోలేదు, చెరువు కూడా కట్టుకున్నారు. శ్రీరంగరాయల చెరువు అనే పేరులో విజయనగరం రాజుల కాలం వినిపిస్తుంది. ఇప్పుడు వాన నీళ్లకు తోడు తుంగభద్ర కాలువ నీళ్లు వస్తే చెరువు నిండుతుంది. మరవ పారిందంటే ఆ ఏడు ఊరంతా పండగే.

చిన్నాయన కట్ట మీదే ఎదురొచ్చాడు. విమానం సంగతి చెప్పాను. ఏ వేళకని అడిగాడు. ఐదున్నర అన్నాను.

"ఆ పొద్దు మేం ఈడనే కూర్చోని ఆ మోడాన్నే చూస్తాంటిమి" అన్నాడు.

ఒకే మేఘాన్ని ఇద్దరం చూశామన్న మాట, నేను దాని నడుము దగ్గర, ఆయన దాని కాళ్ల దగ్గర.

"వాన పడిందా చిన్నాయనా?"

"వాన కాళ్లు దించింది. నేల తొక్కలేదు."

అర్థం కాలేదు. చేయి చాచి చూపించాడు. మోడం అడుగు నుంచి నల్లటి నార వేలాడినట్టు వాన దిగడం కనపడిందట. సగం దారిలో ఆ నార తెగిపోయిందట. తర్వాత ఒక్కసారిగా చల్లగాలి, దుమ్ము, కళ్లు తెరవనీయలేదట. చినుకులు లెక్కబెట్టినన్ని.

"నార్పల దిక్కున అరటి తోటలు పడిపోయినాయంట. పోయి చూద్దాం రా."

మోటార్ సైకిల్ మీద పోయాం. ఒక తోటలో సగానికి పైగా చెట్లు ఒకే వైపుకు వాలి ఉన్నాయి, దువ్వెనతో దువ్వినట్టు. గెల వేసిన చెట్టుకే బరువు ఎక్కువ, అదే ముందు విరుగుతుంది. ఇంకో నెలలో కోతకొచ్చే గెలలు నేల మీద పచ్చిగా పడి ఉన్నాయి. రైతు ఒక గెల పక్కన గొంతు కూర్చొని ఉన్నాడు. మాట్లాడలేదు. చిన్నాయన కూడా ఏమీ అడక్కుండా ఆయన పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆయనే అన్నాడు: "బోరు నీళ్లతో బతికించుకుంటిమి. గాలి తీసుకపాయె."

ఆ తోటలో నిలబడినప్పుడు నాకు విషయం పూర్తిగా కళ్లకు కట్టింది. మేఘంలో చినుకు తయారై కిందికి బయలుదేరుతుంది. మా సీమలో మేఘం అడుగు ఎంతో ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి నేల దాకా ఉన్న గాలి పొడిపొడి. చినుకు ఆ దారి దాటలేక నడుమనే ఆవిరవుతుంది. అలా ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, బావిలో బండ పడ్డట్టు నేలకు పడి, నాలుగు దిక్కులకూ చిమ్ముతుంది. అంటే నీళ్లు రాలేదు గాని, రావలసిన నీళ్ల చల్లదనమంతా గాలై వచ్చింది. వానగా పడితే చేనుకు పదునయ్యేది. గాలిగా పడి చెట్లను విరిచింది. పైన మా విమానాన్ని ఎత్తి దించిందీ, కింద ఈ తోటను వాల్చిందీ ఒకే మేఘం. మాకు బెల్టు ఉంది. ముందే చెప్పిన మనిషి ఉన్నాడు. తప్పుకుపోయే దారి ఉంది. అరటి చెట్టుకు ఇవేవీ లేవు. దాన్ని నమ్ముకున్న మనిషికీ లేవు.

* * *

రాత్రి మిద్దె మీద పడుకున్నాం. సంగటి, శనక్కాయల ఊరిబిండి తిన్న కడుపు, నిద్ర రాని వేడి. ఉత్తరం నుంచి ఒక విమానం మిణుకుమిణుకుమంటూ వచ్చింది. ఢిల్లీ నుంచి బెంగళూరుకు గీత గీస్తే అది దాదాపు మా ఊరి మీదుగానే పోతుంది.

"అవి మోడం చూసి ఎంత దూరం తప్పుకుంటాయి?" అని అడిగాడు చిన్నాయన. 37 కిలోమీటర్లన్నాను.

"మండలం దాటిపోతాది" అని కాసేపు ఆగి, "మా దగ్గరికి కూడా ఒకసారి మోడాల్లోకి పోయే విమానాలు వచ్చినాయి" అన్నాడు.

మేఘమథనం గురించి. 2004 తర్వాత కొన్నేళ్లు ప్రభుత్వం సీమ మీద విమానాలతో మేఘాల్లో రసాయనాలు చల్లించింది. ఆ పైలట్ల పని తక్కిన పైలట్ల పనికి తలకిందులు. పైకి లేచే గాలి ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి, ఆ గాలిలోనే రసాయనాన్ని వదలాలి. ఉప్పు రేణువులైతే నీటిని చుట్టూ పోగుచేసుకొని చినుకులవుతాయని, సిల్వర్ అయొడైడ్ అయితే పైన మంచు కట్టిస్తుందని ఆశ. ఎంత వాన దాని వల్ల పడిందో, ఎంత దానంతటదే పడిందో ఎవరూ విడదీసి చెప్పలేకపోయారు. ఆ విమానం చప్పుడు వినపడితే చాలు, ఊళ్లో పిల్లలు పెద్దలు వీధిలోకి వచ్చి నిలబడేవాళ్లట.

నేను నాకు తెలిసినవి చెప్పాను. బెంగళూరు విమానాశ్రయం ప్రతి అరగంటకు గాలి, మబ్బు, ఉష్ణోగ్రత నమోదు చేసి విమానాలకు పంపుతుందని. దారిలో ఉరుముల మేఘం ఉంటే ప్రత్యేక హెచ్చరిక వస్తుందని. ముందు పోయిన విమానం కుదుపు తగిలితే వెనకొచ్చేదానికి చెబుతుందని. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆయనకూ ఫోన్‌లో వాతావరణ సమాచారం వస్తుంది. మంగళవారం, శుక్రవారం, వారానికి రెండుసార్లు వ్యవసాయ సలహా. 2025 మే నెలలో భారత వాతావరణ శాఖ ఆరు కిలోమీటర్లకొక గడిగా దేశమంతా అంచనా వేసే కొత్త పద్ధతి మొదలుపెట్టింది. మంచి ముందడుగే. శింగనమలలో వాన లేదు, పక్క ఊళ్లో తోట పడిపోయింది. మా కష్టమంతా ఆ ఆరు కిలోమీటర్ల లోపలే ఉంది.

ఆకాశాన్ని చదివే విద్య మన దగ్గర ఉంది. గాదంకిలో ఉంది, జక్కూరులో ఉంది, కోటేశ్వరం రాతల్లో ఉంది. నూటఎనభై మంది గంటసేపు కూర్చునే గొట్టం చుట్టూ ఆ విద్యను ఎంత ఓపికగా కాపలా పెట్టాం! నాలుగున్నర సెకన్ల కుదుపుకు సెకను సెకనుకూ లెక్క తీస్తాం. తీయాలి కూడా. అంత శ్రద్ధా, అంత దగ్గరి చూపూ ఐదెకరాల చేనుకు కూడా చేరాలి. గాలివాన వచ్చే అరగంట ముందు చెబితే అరటి చెట్టును కాపాడలేకపోవచ్చు, మనిషీ గొడ్డూ పిడుగు కింద నిలబడకుండా ఉంటారు. రేపు పదును పడదని ఖాయంగా చెప్పగలిగితే ఒక రైతు విత్తనం సంచి విప్పకుండా ఆగుతాడు. తొందరపడి వేసిన విత్తనం ఎండిపోవడమే మా ఊళ్లో అప్పుకు మొదటి మెట్టు. ఈ మాట ఆ రాత్రి గట్టిగానే అన్నాను. చిన్నాయన ఏమీ అనలేదు.

పొద్దున బయలుదేరుతుంటే గింజలు దాచుకునే కొట్టు తలుపు లోపలి వైపు చూపించాడు. సున్నంతో గీతలు, ఏడాదికొక వరస. పంచాంగం ఏం చెప్పినా, ఫోన్ ఏం చెప్పినా, తన చేలో గొర్రు తోలగలిగినంత పదును పడిన రోజే ఒక గీత. మండలంలో ఎంత వాన నమోదైందన్నది ఆ తలుపుకు పట్టదు. కొన్ని వరసల్లో ఆరేడు గీతలు. ఒక వరసలో రెండే. ఈ ఏటి వరసకు చోటు తుడిచి పెట్టాడు. గీత లేదు. మొన్నటి మేఘం, మా విమానాన్ని అంతగా ఊపిన మేఘం, ఆ తలుపు మీద ఏ గుర్తూ వదల్లేదు.

తిరుగు ప్రయాణం రైల్లో. మృగశిర పొడిగా పోయింది. ఆరుద్రలో ఒక తెల్లవారుజామున ఫోన్ మోగింది.

"గీత పెట్టినా నాయనా" అన్నాడు చిన్నాయన. వెనక చిన్నమ్మ విత్తనాల సంచి గురించి ఎవరినో కేకేస్తోంది.

"ఎంత దిగింది పదును?"

చేలోనే ఉన్నట్టున్నాడు. మట్టిలో వేళ్లు దించి చూస్తున్నంతసేపు మాట రాలేదు.

"జానెడు" అన్నాడు.